దోసాభాయ్ కరాకా రాజభక్తి: తొందరపడకుండా ఒక లెక్క

1858లో లండన్‌లో ఒక బొంబాయి పార్సీ కుర్రాడి పుస్తకాలు రెండు అచ్చయ్యాయి. ఒకటి పార్సీల చరిత్ర, ఆచారాలు, మతం గురించి. రెండోది చిన్నది. ఇంగ్లీషువాళ్ల పాలనని అంతకుముందు ఈ దేశాన్ని ఏలినవాళ్ల పాలనతో పోల్చి, ఇంగ్లీషువాళ్లదే మేలని తేల్చిన పుస్తకం. అప్పటికి కాన్పూరులోనూ లక్నోలోనూ నెత్తురు ఇంకా ఆరలేదు. ముసలి బహదూర్ షాని విచారించి రంగూన్ పంపించింది కూడా ఆ ఏడాదే. సరిగ్గా ఆ సమయంలో ఈ పుస్తకం రాసినాయన పేరు దోసాభాయ్ ఫ్రామ్‌జీ. వయసు 29.

మళ్లీ 1884లో, లండన్‌లోనే, మాక్‌మిలన్ కంపెనీ ఆయన రాసిన పార్సీల చరిత్రని రెండు పెద్ద సంపుటాలుగా వేసింది. ఈలోపు పేరు చివర కరాకా అనే ఇంటిపేరు చేరింది. ఇంగ్లీషు ప్రభుత్వం ఇచ్చే సి.ఎస్.ఐ. (కంపానియన్ ఆఫ్ ది స్టార్ ఆఫ్ ఇండియా) బిరుదు చేరింది. బొంబాయిలో ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటు కుర్చీ వచ్చింది, లెజిస్లేటివ్ కౌన్సిల్లో చోటు దొరికింది.

ఇలాంటి జీవితం గురించి మనవాళ్లు చర్చ పెద్దగా పెట్టుకోరు. తెల్లదొరల బంటు అనేసి పేజీ తిప్పేస్తారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అక్కడితో ఆగిపోతే ఆయన గురించి గానీ ఆ కాలం గురించి గానీ మనకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ రాజభక్తికి బదులుగా ఏం అడిగాడు, అది ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు? నాకు ఆసక్తి ఈ లెక్క మీద. ఆయన చరిత్రకారుడు కాకముందు పత్రికలవాడు. ఆ సంగతి మర్చిపోతే ఈ లెక్క అర్థం కాదు.

పార్సీలకీ అచ్చు యంత్రానికీ ఉన్న సంబంధం చాలా పాతది. ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ 1812లోనే బొంబాయిలో గుజరాతీ అచ్చుకూటం పెట్టాడు. 1822 జూలై 1న ఆయన మొదలుపెట్టిన ముంబయి సమాచార్ ఇప్పటికీ వస్తోంది. 1832లో జామ్-ఎ-జంషెద్ వచ్చింది. 1851లో దాదాభాయ్ నౌరోజీ రాస్త్ గోఫ్తార్ పెట్టాడు. దాని వెనక ఒక గొడవ ఉంది. ఆ ఏడాది అక్టోబరులో ఒక గుజరాతీ పత్రిక మహమ్మద్ ప్రవక్త బొమ్మ వేసింది. దాంతో బొంబాయిలో పార్సీల మీద దాడులు జరిగాయి. తమ తరఫున గట్టిగా మాట్లాడే పత్రిక లేదన్న బాధలోంచి, పార్సీల కుల పంచాయతీ పెద్దల మీద చదువుకున్న కుర్రాళ్లకున్న చిరాకులోంచి రాస్త్ గోఫ్తార్ పుట్టింది. ఊళ్లో పిడికెడుమంది, చేతిలో నాలుగు పత్రికలు. ఆ పత్రికలు ఒకదాన్నొకటి తిట్టుకునేవి కూడా. క్యాలెండరులో నెల ఎప్పుడు మొదలవ్వాలనే విషయం మీద పార్సీలు రెండు వర్గాలుగా చీలి ఏళ్ల తరబడి కొట్టుకున్నారంటే, ఆ మంటకి పత్రికలు పోసిన నూనె తక్కువేం కాదు.

దోసాభాయ్ ఈ వాతావరణంలో పెరిగాడు. జామ్-ఎ-జంషెద్‌కి ఎడిటర్‌గా పనిచేశాడు. ఆ తర్వాత బాంబే టైమ్స్‌లో మేనేజరయ్యాడు. 1861లో పేరు మార్చుకుని టైమ్స్ ఆఫ్ ఇండియా అయింది ఆ పత్రికే.

1857లో బాంబే టైమ్స్‌లో జరిగిందాన్ని నేను ముఖ్యమైన సంఘటన అనుకుంటాను. ఎడిటర్ జార్జ్ బ్యూయిస్ట్ స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు. సిపాయిల తిరుగుబాటు మొదలవగానే ఆయన కలం భారతీయులందరి మీదా విషం చిమ్మడం మొదలుపెట్టింది. తిరగబడినవాళ్లూ తిరగబడనివాళ్లూ అందరూ ఒకటే ఆయనకి. కానీ ఆ పత్రికలో వాటాలు భారతీయులవి చాలా ఉన్నాయి, అందులో పార్సీలవి మరీను. వాటాదార్లు సమావేశం పెట్టి ధోరణి మార్చుకోమన్నారు. బ్యూయిస్ట్ ససేమిరా అన్నాడు. ఉద్యోగం పోయింది. ఆ కుర్చీలోకి రాబర్ట్ నైట్ వచ్చాడు. భారతీయుల పక్షాన నిలబడ్డ ఇంగ్లీషు ఎడిటర్‌గా ఆయనకి తర్వాత మంచి పేరొచ్చింది.

మామూలుగా మన చరిత్ర పుస్తకాల్లో 1857 అంటే కత్తులూ ఫిరంగులూ. బొంబాయిలో మాత్రం కొందరు వ్యాపారులు తెల్ల ఎడిటర్‌ని వాటాల బలంతో ఇంటికి పంపించారు. రాజు పక్షాన ఉంటూనే, రాజు జాతివాడి నోరు మూయించారు. ఈ రెండూ ఒకేసారి చెయ్యొచ్చన్నది ఆ తరం బొంబాయి పార్సీల నమ్మకం. దోసాభాయ్ ఆ నమ్మకంలోంచే రాశాడు. "మేం మీవాళ్లమే" అనడంలో "అందుకే మమ్మల్ని వాళ్లతో కలిపి చూడకండి" అన్న మాట ఎలాగూ ఉంది. "అందుకే మాకు ఫలానాది ఇవ్వండి" అన్న మాట కూడా ఉంది.

ఏం అడిగారు? ఇక్కడే దోసాభాయ్ చరిత్ర బాగా పనికొస్తుంది. పార్సీ పంచాయతీ గురించి ఆయన చెప్పే కథ చదువుతుంటే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. 1778లో బొంబాయి గవర్నర్ విలియం హార్న్‌బీ పార్సీ పెద్దలకు ఒక అధికారం రాసిచ్చాడు. కులంలో తప్పు చేసినవాళ్లని చెప్పుతో కొట్టొచ్చు. అంతకుమించి దెబ్బలు వెయ్యకూడదు. అంతే! ఈ చెప్పు మీదా, కులంలోంచి వెలి వేసే బెదిరింపు మీదా పంచాయతీ కొంతకాలం బాగానే నడిచింది. ఆ తర్వాత ఏమైందంటే, భార్య బతికుండగా రెండో పెళ్లి కూడదని ఊరందరికీ చెప్పే పెద్దల ఇళ్లలోనే రెండో పెళ్లిళ్లు జరిగాయి. పేదవాడు చేస్తే శిక్ష, షేఠ్ కొడుకు చేస్తే మౌనం. పంచాయతీ మాట వినేవాళ్లు తగ్గిపోయారు. ఈ కథలో ఏ ఊరి పెద్దమనుషుల పేర్లు పెట్టినా అతుకుతుంది.

సొంత పెద్దల మీద నమ్మకం పోయాక చట్టం కావాలి. బొంబాయిలో ఉన్నది ఇంగ్లీషు చట్టం. అదేమో ఇంకో గోతిలో పడేసింది. 1835లో ఒక పార్సీ పెద్దకొడుకు, ఇంగ్లీషు చట్టం ప్రకారం తండ్రి స్థిరాస్తి అంతా తనదేనన్నాడు. తమ్ముళ్లకి, తల్లికి, చెల్లెళ్లకి గుండ్రాయి! కులమంతా హడలిపోయింది. అర్జీలు పెట్టుకుని 1837లో ఒక చట్టం తెచ్చుకుని ఆ గండం గట్టెక్కారు. 1855లో పార్సీ లా అసోసియేషన్ పెట్టారు. నౌరోజీ ఫర్దూన్‌జీ, సొరాబ్‌జీ షాపుర్‌జీ బెంగాలీ లాంటివాళ్లు పదేళ్లు దాని వెంటపడ్డారు. 1865లో పార్సీల పెళ్లి, విడాకుల చట్టం ఒకటీ, వారసత్వ చట్టం ఒకటీ వచ్చాయి. రెండో పెళ్లి నేరమైంది. లక్ష కూడా లేని జనం తమకంటూ విడిగా చట్టాలు చేయించుకున్నారు. అదీ ఎప్పుడు, దేశంలో కోట్లమంది మాట ఏ దొరా వినని కాలంలో.

ఇంకోటి ఇరాన్‌లో జరిగింది. అక్కడ మిగిలిపోయిన జొరాస్ట్రియన్లు, అంటే పార్సీల మతంవాళ్లే, ముస్లిములు కానివాళ్ల మీద వేసే జిజియా పన్ను కడుతూ, గుర్రం ఎక్కే హక్కు కూడా లేకుండా బతుకుతున్నారు. బొంబాయి పార్సీలు చందాలు పోగుచేసి 1854లో మానెక్‌జీ లిమ్‌జీ హతారియాని అక్కడికి పంపారు. ఆయన ఏళ్లకేళ్లు అక్కడే ఉండి బడులు కట్టించి, ఇరాన్ రాజు షా చుట్టూ తిరిగాడు. టెహ్రాన్‌లో బ్రిటిష్ రాయబారులు మాటసాయం చేశారు. 1882లో జిజియా రద్దయింది. దోసాభాయ్ పెద్ద చరిత్ర వచ్చింది దానికి రెండేళ్ల తర్వాత. ఆయన ఇంగ్లీషు ప్రభుత్వాన్ని పొగుడుతుంటే మనకి ఒళ్లు మండుతుంది, కానీ అప్పటి పార్సీ పాఠకుడికి ఇరాన్‌లో యజ్ద్ ఊళ్లోని తన జాతివాళ్లు గుర్తొచ్చి ఉంటారు.

మన వైపు నుంచి కూడా ఒక ఉదాహరణ ఉంది. సికింద్రాబాద్‌లో 1847 నాటి పార్సీల అగ్ని ఆలయం ఉంది కదా, దాన్ని కట్టించిన వికాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ అన్నదమ్ములు నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన సాహుకార్లు. బీరారు పన్నుల వసూలు వాళ్ల చేతిలో ఉండేది. ఔరంగాబాద్‌లో వాళ్లు కొట్టించిన రూపాయిని పెస్తన్‌షాహీ అనేవారు. దివాను చందూలాల్ 1843లో దిగిపోయాక వాళ్ల కథ తిరగబడింది. అప్పు తీరలేదు, తనఖాగా ఉన్న తాలూకాలు పోయాయి, ఇల్లు గుల్లయింది. దర్బారుని నమ్ముకున్నవాడి గతి ఇదీ అని బొంబాయిలో చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే వాళ్లు ఇంగ్లీషువాళ్ల దగ్గర మొరపెట్టుకుంటే అక్కడా న్యాయం దొరకలేదు. కథలో ఈ రెండో సగం రాజభక్తుల వాదానికి అంత అనుకూలం కాదు.

ఇక్కడిదాకా నేను దోసాభాయ్ పక్షాన వకాల్తా పుచ్చుకున్నట్టు ఉంది. ఇకమీద ఆయనతో నా పేచీ.

పాత పాలకులంతా దోపిడీదార్లు, ఇంగ్లీషువాడు వచ్చాకే జనం కంటినిండా నిద్రపోయారు అన్నది 1858 నాటి చిన్న పుస్తకం సారాంశం. సూరత్‌ని శివాజీ 1664లో ఒకసారి, 1670లో మరోసారి దోచుకున్న మాట నిజమే. గుజరాత్‌లో వ్యాపారం చేసుకునేవాళ్లకి ఆ భయం తాతల కాలం నుంచి ఉంది. మరి గుజరాత్ తీరంలో పార్సీలు మొదట దిగిన సంజాన్ సంగతో? ఇరాన్ నుంచి పడవల్లో వచ్చినవాళ్లకి చోటిచ్చింది జాదీ రాణా అనే హిందూ రాజు అని పార్సీలే తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 1599లో ఒక నవ్‌సారీ పూజారి దాన్ని పర్షియన్ పద్యాల్లో రాశాడు కూడా. దోసాభాయ్ తన చరిత్రని మొదలుపెట్టేది ఆ కథ ఆధారంగానే. నవ్‌సారీ దస్తూర్, అంటే పెద్ద పూజారి, మెహర్జీ రాణా అక్బర్ దర్బారుకి వెళ్లి మతచర్చల్లో కూర్చున్నాడు, భూమి ఇనాము పొందాడు. ఇంగ్లీషువాడు రాకముందు కొన్ని వందల ఏళ్లు ఈ జనం తమ నిప్పు ఆరిపోకుండా కాపాడుకున్నది ఎవరి రాజ్యాల్లో? ఆయన చరిత్రే ఆయన చిన్న పుస్తకానికి జవాబు చెబుతుంది. చరిత్రకారుడికి ఇది కనపడాలి. ఎడిటర్‌కి మాత్రం ఆ వారం సంచికలో ఏది అచ్చయితే తనవాళ్లకి మంచిదో అదే కనపడింది.

రెండో పేచీ డబ్బు గురించి. ఆయన పుస్తకం నిండా షేఠ్‌లు. ఓడలు కట్టిన వాడియాలు, 1756లో చైనా వెళ్లిన హీర్జీ రెడీమనీ, 1842లో నైట్‌హుడ్ (సర్ బిరుదు) పొందిన మొదటి భారతీయుడు జంషెద్‌జీ జీజీభాయ్. వాళ్లు కట్టించిన ఆసుపత్రులు, బావులు, వంతెనలు, బడులు. ఆ దానాలు పెద్దవే, కాదనను. కానీ చైనా వ్యాపారంలో ప్రధానమైన సరుకు నల్లమందు. ఆ సంగతి దోసాభాయ్‌ని ఎక్కడా ఇబ్బంది పెట్టినట్టు నాకు అనిపించలేదు. "కాలం అలాంటిది, అప్పటికి అది తప్పని ఎవరికీ తెలీదు" అనేవాళ్లుంటారు. తెలిసినవాళ్లున్నారు. దాదాభాయ్ నౌరోజీ 1855లో కామా కంపెనీ భాగస్వామిగా లండన్ వెళ్లాడు. నల్లమందు, సారా లాభాల్లో వాటా తనకొద్దని మూడేళ్లకే ఆ కంపెనీలోంచి బయటికొచ్చాడు. అది 1858. దోసాభాయ్ పుస్తకాలు లండన్‌లో వెలువడిన ఏడాదే. వయసులో నాలుగేళ్లు తేడా, ఒకే ఊరు, ఒకే కులం, ఇద్దరూ పత్రికలు నడిపినవాళ్లు.

దాదాభాయ్ మాత్రం రాజద్రోహి ఏమీ కాదు. ఆయనకీ బ్రిటిష్ న్యాయం మీద బోలెడు నమ్మకం ఉండేది. 1892లో వాళ్ల పార్లమెంటులోనే కూర్చున్నాడు. కాకపోతే 1876లో ఈ దేశపు పేదరికం గురించి వ్యాసం చదివినప్పుడు ఆయన ఎకరాకి ఎంత పండుతుంది, మనిషికి ఎంత తిండి కావాలి, మిగిలింది ఎటు పోతోంది అని లెక్క అడిగాడు. దోసాభాయ్ లెక్క తన కులం దగ్గర ఆగిపోయింది. దాదాభాయ్‌ది ఆ గోడ దాటింది. రాజభక్తి ఇద్దరికీ ఉంది కాబట్టి తేడా అందులో లేదు, ఎవరి తరఫున మాట్లాడుతున్నామన్న దాంట్లో ఉంది.

ఈ మాట అంటున్నప్పుడు నాకు కందుకూరి వీరేశలింగం గుర్తుకురాక తప్పదు. ఆయనా పత్రికలవాడే. 1874లో వివేకవర్ధని పెట్టి రాజమండ్రి కోర్టుల్లో లంచగొండుల్ని ఉతికి ఆరేశాడు. 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేయించాడు. దానికి 1856 నాటి ఇంగ్లీషు చట్టం అండ ఉంది. 1893లో రావు బహద్దూర్ బిరుదు తీసుకున్నాడు. ఇంగ్లీషు పాలన ఈ దేశానికి మంచే చేసిందని నమ్మాడు. మరి మనం ఆయన్ని బంటు అంటామా? అనం. ఆయన మనవాడు, ఆయన చేసిన పని మన ఇళ్లలో కనిపిస్తుంది కాబట్టి బిరుదుని పక్కన పెట్టేస్తాం. పార్సీ ఎడిటర్ దగ్గరికి వచ్చేసరికి బిరుదు తప్ప ఇంకేమీ కనపడదు. అయితే ఇద్దరినీ ఒకే గాట కట్టెయ్యాలని కూడా నేననను. వీరేశలింగం చాలాసార్లు తన కులంవాళ్లకి ఎదురు నిలిచి రాశాడు. దోసాభాయ్ పంచాయతీ పెద్దల్ని విమర్శించాడు, ఆడపిల్లల చదువుని మెచ్చుకున్నాడు, మూఢాచారాల్ని కాదన్నాడు. కానీ మొత్తం మీద బయటివాళ్లకి తన ఇంటిని చూపిస్తున్న మనిషి అతను. ముందు గదిలో దీపాలన్నీ వెలిగించి, వెనక గది తలుపు దగ్గరగా వేసినట్టు ఉంటుంది ఆ రచన. సూరత్‌లో, నవ్‌సారీలో చిన్నాచితకా పనులు చేసుకుని బతికిన పార్సీల గురించి ఆ రెండు సంపుటాల్లో వెతికితే దొరికేది తక్కువ. చందా ఇచ్చినవాళ్లు పేరు పేరునా ఉంటారు, ఆ చందాతో అన్నం తిన్నవాళ్లు గుంపుగా ఉంటారు.

అందుకే చరిత్రకారుడిగా నాకు బొమన్‌జీ బెహ్రామ్‌జీ పటేల్ మీద ఎక్కువ గురి. ఆయన పార్సీ ప్రకాశ్ మొదటి సంపుటం 1888లో వచ్చింది, గుజరాతీలో. అందులో వాదన లేదు. పాత పత్రికలూ కాగితాలూ వెతికి, తేదీల వారీగా ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ ఊళ్లో ఏ గుడి కట్టారు, ఎవరి మీద ఏ దావా పడింది, అన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోయాడు. చదవడానికి విసుగే. కానీ రేపు ఎవరైనా దోసాభాయ్‌ని సరిచెయ్యాలంటే సామాను అక్కడ దొరుకుతుంది. ఒకాయన లండన్ పాఠకుడి కోసం ఇంగ్లీషులో రాశాడు, ఇంకొకాయన బొంబాయి పాఠకుడి కోసం గుజరాతీలో రాశాడు. అది కూడా ఈ తేడాకి ఒక కారణమే అనుకుంటాను.

చివరగా 1883 సంగతి చెప్పాలి. ఇల్బర్ట్ బిల్లు మీద దేశంలో తెల్లవాళ్లంతా గగ్గోలు పెట్టిన ఏడాది అది. జిల్లాల్లో భారతీయ జడ్జీలు యూరోపియన్లని విచారించే అధికారం ఇవ్వాలన్నది ఆ బిల్లు. బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో భారతీయ ప్రెసిడెన్సీ మేజిస్ట్రేట్లకు ఆ అధికారం అప్పటికే ఉంది. అంటే దోసాభాయ్ తన కుర్చీలో కూర్చుని ఒక తెల్ల నావికుణ్ణి జైలుకి పంపగలడు. అదే మేజిస్ట్రేటు బదిలీ మీద ఏ పుణెకో వెళితే పంపలేడు. ఇంత చిన్న మార్పు కూడా ఇంగ్లీషు క్లబ్బులవాళ్లకి మింగుడు పడలేదు. యూరోపియన్ నిందితుడు సగంమంది తెల్లవాళ్లున్న జ్యూరీని కోరుకోవచ్చని 1884 జనవరిలో రాజీ కుదిర్చి బిల్లుని నీరుగార్చేశారు. జీవితమంతా ఈ పాలన న్యాయాన్ని పొగిడిన మేజిస్ట్రేటుకి ఆ పాలన ఇచ్చిన జవాబు అది. ఆయన రెండు సంపుటాలూ ఆ ఏడాదే వచ్చాయి. మరుసటి ఏడాది డిసెంబరులో బొంబాయిలోనే, గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో కాంగ్రెస్ మొదటి సమావేశం జరిగింది. 72 మంది వచ్చారు. దాదాభాయ్, ఫిరోజ్‌షా మెహతా, దిన్షా వాచా, ముగ్గురూ పార్సీలే, అక్కడున్నారు.

దోసాభాయ్ 1902లో పోయాడు. 1881 జనాభా లెక్కల్లో పార్సీలు దాదాపు 85 వేలు, 2011లో 57,264. ఆయన పుస్తకాలు స్కాన్ చేసినవి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. చదవాలనుకునేవాళ్లు మొదటి పేజీ నుంచి వెళ్లకండి, బోరు కొడుతుంది. పంచాయతీ, చట్టాల గురించి ఉన్న భాగంతో మొదలుపెట్టండి. షేఠ్‌ల దానాల జాబితాలు వచ్చినప్పుడు పక్కన దాదాభాయ్ పేదరికం వ్యాసం తెరిచి పెట్టుకోండి.